ఏ వార్తకు ఏ మాధ్యమం: భారతీయ మీడియాలో ఎంపిక ఎలా?

భారతదేశంలో రిజిస్టరైన పత్రికల సంఖ్య ఎప్పుడో లక్ష దాటింది. ప్రభుత్వ అనుమతి పొందిన ప్రైవేటు శాటిలైట్ ఛానళ్లు సుమారు 900 ఉండగా, వాటిలో సగానికి కొంచెం తక్కువ వార్తా ఛానళ్లే. వీటికి ఆకాశవాణి, దూరదర్శన్, వందకు పైగా నగరాల్లో నడిచే ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలు, ఎవరి లెక్కకూ అందని యూట్యూబ్ ఛానళ్లు తోడవుతాయి. ఇన్నింటి మధ్య ఒక కుటుంబం దేనికి చందా కట్టాలి, దేనికి సమయం ఇవ్వాలి, దేన్ని నమ్మి నిర్ణయాలు తీసుకోవాలి అన్న ప్రశ్నకు ఏదో ఒక సంస్థ పేరు జవాబుగా చెప్పడం తేలికే గానీ, ఆ జవాబు ఎక్కువ కాలం నిలవదు. యాజమాన్యాలు మారతాయి, సంపాదకులు మారతారు, ప్రభుత్వాలతో సంబంధాలు మారతాయి. రిలయన్స్ 2014లో నెట్‌వర్క్18ను, అదానీ గ్రూపు 2022 చివర ఎన్డీటీవీని తమ అధీనంలోకి తీసుకున్నాక ఆ సంస్థల పేర్లు మాత్రం మారలేదు.

అందుచేత ఎంపికకు నేను రెండు ప్రశ్నలనే ఆధారం చేసుకుంటాను. ఆ వార్తకయ్యే ఖర్చును ఎవరు భరిస్తున్నారు? అది తప్పని తేలితే ఎవరు, ఎక్కడ జవాబు చెప్పాలి? పాఠకుల సంఖ్య, రేటింగు, యాంకరు గొంతు ఈ రెండింటి తర్వాతే వస్తాయి. ఈ ప్రశ్నలకు ఒక్కో మాధ్యమంలో ఒక్కో రకమైన సమాధానం దొరుకుతుంది కనుక, అన్ని అవసరాలకూ ఒకే మాధ్యమాన్ని ఎంచుకోవడం కంటే ఏ అవసరానికి ఏది అన్నది తేల్చుకోవడమే సరైన పద్ధతి.

దినపత్రిక

జవాబుదారీ విషయంలో అచ్చు పత్రిక ఇప్పటికీ మిగతావాటి కంటే ఒక మెట్టు పైనే ఉంది. పత్రికలో ఎక్కడో ఒక పేజీ అడుగున, ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో, ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు ఎవరో, ఎక్కడ అచ్చయిందో తెలిపే వరుస ఉంటుంది. 1867 నాటి చట్టం కాలం నుంచి వస్తున్న ఏర్పాటు ఇది. ఆ చట్టం స్థానంలో 2023లో చేసిన పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పరువు నష్టం దావా వేయాలన్నా, సవరణ కోరాలన్నా ఎవరిని అడగాలో ఆ వరుస చెబుతుంది. రాత్రి డెస్కులో ఒకరు రాసిన వార్తను ఇంకొకరు దిద్ది పేజీలో పెట్టే క్రమం కూడా, ఎంత హడావిడిగా సాగినా, కొన్ని తప్పులను ఆపుతుంది.

ఇక ఖర్చు సంగతి. దినపత్రికకు మనం చెల్లించే ధర దాని కాగితానికీ, అచ్చుకూ, పంపిణీకీ చాలదు. మిగిలినది ప్రకటనల నుంచి వస్తుంది, అందులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ప్రకటనలది గణనీయమైన వాటా. ఏ పత్రిక మొదటి పేజీని ఎవరి ప్రకటన ఎన్నిసార్లు ఆక్రమిస్తోందో ఒక నెల గమనిస్తే, ఆ పత్రిక ఎవరి గురించి మెత్తగా రాస్తుందో ఊహించడం కష్టం కాదు.

తెలుగు పత్రికల రాజకీయ వాలు గురించి దాచిపెట్టి మాట్లాడవలసిన పని లేదు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1982–83లో ఎన్.టి. రామారావు ప్రచారానికి అండగా నిలిచింది. 2008లో వచ్చిన సాక్షిని స్థాపించినది వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి. 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ వాణిగా పుట్టింది. ప్రజాశక్తి, విశాలాంధ్ర తాము ఏ పార్టీ దృక్పథంతో రాస్తున్నదీ దాచుకోవు. నిజానికి వాలు బహిరంగంగా ఉన్న పత్రికను చదవడమే సులువు, ఎందుకంటే ఏ వార్తను ఎంత తగ్గించుకుని చదవాలో పాఠకుడికి ముందే తెలుస్తుంది. తటస్థతను చాటుకుంటూ వాలిపోయే పత్రికతోనే చిక్కు. కాబట్టి తెలుగులో రోజూ ఒకే పత్రిక తెప్పించుకునేవారు, వారానికి ఒకటి రెండుసార్లైనా దానికి ఎదుటి పక్షాన ఉన్న పత్రికను ఈ-పేపరులోనో గ్రంథాలయంలోనో చూడాలి. అందులో చూడవలసినది సంపాదకీయం కాదు, మన పత్రిక అసలు వేయకుండా వదిలేసిన వార్తలు ఏవన్నది. వక్రీకరణ కంటే విస్మరణే ఎక్కువ, అది కంటికి కనిపించదు కూడా.

జిల్లా పేజీల విషయంలో తెలుగు పత్రికలకు సాటి వచ్చే మాధ్యమం మరొకటి లేదు. 1980ల చివర ఈనాడు జిల్లా అనుబంధాలను మొదలుపెట్టాక మిగిలిన పత్రికలూ అదే బాట పట్టాయి. మండలంలో ఎరువుల కొరత, పాఠశాలలో ఉపాధ్యాయుల ఖాళీలు, ఊరి చెరువు కట్టకు గండి వంటి సంగతులు ఢిల్లీ ఛానళ్లకు పట్టవు. అయితే ఈ పేజీలను నింపే మండల విలేకరికి చాలాచోట్ల నెల జీతం ఉండదు. రాసిన దాన్ని బట్టి కొద్దిపాటి మొత్తం ముట్టచెబుతూనే, పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు సేకరించే బాధ్యతను కూడా అతని మీదే పెడతారు. ప్రకటన ఇచ్చిన గుత్తేదారు వేసిన రోడ్డు గురించి అతను ఏమి రాయగలడో మనమే అర్థం చేసుకోవాలి. జిల్లా పేజీలో సభలు, సమస్యలు, ధరలు, తేదీలు నమ్మవచ్చు. వ్యక్తుల మీద పొగడ్తనూ నిందనూ ఆచితూచి చదవాలి.

ఎన్నికల కాలంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలుగా అచ్చు వేసిన వ్యవహారం మీద, పత్రికల తీరును పరిశీలించే ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘాన్ని నియమించింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస రెడ్డి తయారు చేసిన ఆ నివేదికలో సంస్థల పేర్లు కూడా ఉన్నాయి. కౌన్సిల్ 2010లో దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ అది వెలుగు చూడలేదు. అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక శాసనసభ్యురాలిని, ఇలాంటి వార్తల ఖర్చును లెక్కలో చూపనందుకు ఎన్నికల సంఘం అనర్హురాలిగా ప్రకటించింది. ఈ సరుకును పోల్చుకునేందుకు ఒక సులువైన గుర్తు ఉంది. ఒకే అభ్యర్థి గురించి, ఒకే ఫొటోతో, దాదాపు అవే వాక్యాలతో రెండు పత్రికల్లో కథనం వచ్చి, రెండింటిలోనూ రాసినవారి పేరు లేకపోతే అది వార్త అయ్యే అవకాశం తక్కువ.

ఇంగ్లీషు పత్రిక అదనంగా కావాలా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. కోర్టు తీర్పులు, పార్లమెంటు బిల్లులు, ఆర్థిక విధానం, విదేశాంగ వ్యవహారాలు మీకు పనికొచ్చే విషయాలైతే కావాలి, లేకపోతే అక్కర్లేదు. 1878లో మొదలైన ది హిందూ 2006లో పాఠకుల సంపాదకుడిని నియమించి సవరణలను క్రమం తప్పకుండా అచ్చు వేసే ఏర్పాటు చేసుకుంది. తెలుగు దినపత్రికల్లో అలాంటి నిలకడైన ఏర్పాటు కనిపించకపోవడం నా దృష్టిలో పెద్ద లోటు. తప్పులను ఒప్పుకునే పత్రికలో తప్పులు ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది, నమ్మవలసినది మాత్రం దాన్నే.

టెలివిజన్

దూరదర్శన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. తొంభైల ఆరంభంలో శాటిలైట్ ఛానళ్లు వచ్చేదాకా దానికి పోటీ లేదు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండరాదని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అదే ఏడాది ఈటీవీ వచ్చింది, 2004లో టీవీ9 రాకతో ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తల పోటీ ఊపందుకుంది.

వార్తా ఛానళ్లు ఎక్కువగా ఉచితంగానో నామమాత్రపు ధరకో వస్తాయి. పైపెచ్చు తమ ఛానల్‌ను ఇళ్లకు చేర్చినందుకు కేబుల్, డీటీహెచ్ సంస్థలకు అవే ఎదురు డబ్బు కడతాయి. రాబడి ప్రకటనల మీద, ప్రకటనలు రేటింగు మీద ఆధారపడి ఉంటాయి. ఆ రేటింగును 2015 నుంచి కొలుస్తున్న బార్క్ సంస్థ కోట్ల ఇళ్ల దేశంలో కొన్ని పదుల వేల ఇళ్లలో మాత్రమే మీటర్లు పెడుతుంది. 2020 అక్టోబరులో రేటింగుల తారుమారు ఆరోపణలు వచ్చాక వార్తా ఛానళ్ల అంకెలను ఆపివేసి, 2022 మార్చిలో గానీ మళ్లీ విడుదల చేయలేదు. సెట్‌టాప్ బాక్సు ఆన్ చేయగానే ఒకే ఛానల్ తెర మీదకు వచ్చేలా డబ్బు కట్టి ఏర్పాటు చేసుకునే 'లాండింగ్ పేజీ' పద్ధతి ఈ పోటీలో పుట్టినదే. కనుక 'నంబర్ వన్' అన్న మాటకు ఎంపికలో నేను ఏ విలువా ఇవ్వను.

రాత్రి చర్చలు ఎందుకు ఇంతగా పెరిగాయో కూడా ఈ లెక్కలోనే తెలుస్తుంది. ఒక విలేకరిని, కెమెరామన్‌ను బస్తరుకో మణిపూర్‌కో పంపితే ఖర్చు, నలుగురిని నాలుగు పెట్టెల్లో కూర్చోబెట్టి అరిపిస్తే దాదాపు ఉచితం. ఓట్ల లెక్కింపు, తుపాను తీరం దాటే సమయం, వరద, బడ్జెట్ ప్రసంగం, అంతరిక్ష ప్రయోగం వంటి వాటికి టీవీని మించినది లేదు. ఘటన జరుగుతుండగా చూపించడంలో దాని బలం ఉంది, జరిగిన దాన్ని వివరించడంలో కాదు. ప్రత్యక్ష ఘటన లేని రోజున వార్తా ఛానల్‌కు అరగంట బులెటిన్ కంటే ఎక్కువ సమయం ఇచ్చి పొందేది ఏమీ లేదని నా అభిప్రాయం. తెర కింద పరుగెత్తే స్క్రోలింగులో వచ్చిన మృతుల సంఖ్యను గానీ, అరెస్టు వార్తను గానీ మరుసటి ఉదయం పత్రికలో చూసేదాకా ఇతరులకు చెప్పకపోవడం మేలు.

దూరదర్శన్ వార్తలనూ ప్రైవేటు ఛానళ్లనూ పోల్చితే తేడా స్పష్టం. దూరదర్శన్ అరవదు, వదంతులను ప్రసారం చేయడం అరుదు, పథకాల తేదీలూ అర్హతలూ సరిగ్గా చెబుతుంది. ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టే వార్తను మాత్రం ఆలస్యంగానో, చిన్నదిగానో, అసలు లేకుండానో చేస్తుంది. దూరదర్శన్, ఆకాశవాణిలను నడిపే సంస్థ కోసం చేసిన 1990 నాటి ప్రసారభారతి చట్టం 1997లో అమల్లోకి వచ్చి స్వయంప్రతిపత్తిని వాగ్దానం చేసినా, నిధులు కేంద్రం నుంచి వస్తున్నంత కాలం ఆ పరిమితి పోదు. కేబుల్ బిల్లు భారమైన ఇంటికి, నెలసరి చందా లేని డీడీ ఫ్రీ డిష్ మంచి ఎంపికే.

రేడియో

ఇక్కడ ఎంపిక చాలా తేలిక, ఎందుకంటే భారతదేశంలో ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలకు సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా వినిపించవచ్చునంతే. గంటకు పది నిమిషాల వార్తలకు అనుమతించాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సిఫారసు చేసింది. ఛానళ్లకూ వెబ్‌సైట్లకూ లేని ఈ నిషేధం రేడియోకే ఎందుకో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

వార్తల కోసం రేడియో అంటే కాబట్టి ఆకాశవాణే. పది నిమిషాల ప్రాంతీయ వార్తల బులెటిన్‌లో వ్యాఖ్య తక్కువ, విషయం ఎక్కువ. కళ్లను ఆక్రమించదు గనుక పొలంలోనూ ప్రయాణంలోనూ వంటింట్లోనూ వినవచ్చు. దూరదర్శన్‌కు చెప్పిన పరిమితే దీనికీ వర్తిస్తుంది. జహీరాబాద్ ప్రాంతపు మాచ్‌నూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంగం రేడియో వంటి కమ్యూనిటీ కేంద్రాలు మీ పరిధిలో ఉంటే, విత్తనాలు, వైద్యం, స్థానిక సమస్యల విషయంలో అవి చేసే పనిని పెద్ద మాధ్యమాలు చేయవు.

వెబ్‌సైట్, యూట్యూబ్, వాట్సాప్

డిజిటల్ అన్న ఒక్క మాట కింద మూడు వేరువేరు వస్తువులు కలిసిపోతున్నాయి. పత్రికలూ ఛానళ్లూ నడిపే వెబ్‌సైట్లు మొదటివి. వాటి పేరు పత్రికదే అయినా ప్రమాణం చాలాసార్లు పత్రికది కాదు, క్లిక్కుల కోసం శీర్షికను సాగదీసే ధోరణి అక్కడ ఎక్కువ. అదే సంస్థ ఈ-పేపరు అందుబాటులో ఉంటే వెబ్‌సైట్ కంటే దాన్నే ఎంచుకోవాలి.

రెండోవి స్వతంత్ర వార్తా సైట్లు. కొన్ని పాఠకుల చందాల మీద, విరాళాల మీద నడుస్తూ, పెద్ద ప్రకటనదారుల జోలికి పోని పత్రికలు వదిలేసిన పరిశోధనలు చేస్తాయి. చందా కట్టదలచినవారు ముందుగా ఆ సైట్‌లో యాజమాన్యం వివరాలు, నిధుల వివరాలు, సవరణల పేజీ ఉన్నాయో లేదో చూడాలి. మూడింటిలో ఒక్కటీ లేకపోతే వార్త ఎంత బాగున్నా డబ్బు కట్టవద్దు.

మూడోవి యూట్యూబ్ ఛానళ్లు, వీటిలో మంచీ చెడూ మధ్య దూరం అన్నింటికంటే ఎక్కువ. న్యాయవాదులు తీర్పులను, ఆర్థిక నిపుణులు బడ్జెట్‌ను, వ్యవసాయ శాస్త్రవేత్తలు పంట తెగుళ్లను తెలుగులో విడమరిచి చెప్పే ఛానళ్లు నిజంగా విలువైనవి. మరోవైపు, ఒక ఫోను, ఒక మైకు, సంచలనాత్మకమైన థంబ్‌నెయిల్ తప్ప మరేమీ లేనివి వేలల్లో ఉన్నాయి. పత్రికకు రిజిస్ట్రేషన్, ఛానల్‌కు లైసెన్సు ఉన్నట్టు వీటికి ముందస్తు అనుమతి ఏదీ లేదు. తమ ఆధారాన్ని వీడియోలోనే చూపించేవారినీ, తమ వృత్తికి చెందిన విషయాలు దాటి మాట్లాడనివారినీ ఎంచుకుంటే సగం పని తీరుతుంది. నిన్న తీర్పు గురించి మాట్లాడి, ఇవాళ టీకా గురించి, రేపు యుద్ధం గురించి అదే ధైర్యంతో మాట్లాడేవారిని వదిలేయవచ్చు.

వాట్సాప్ మీడియా కానే కాదు, అది తోవ మాత్రమే. పుకార్ల వల్ల మూకదాడులు జరిగాక 2018లో భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపే వీలు తీసేశారు. 2020లో అనేకసార్లు తిరిగిన సందేశాలకు ఆ పరిమితిని ఒకే చాట్‌కు తగ్గించారు. ఇంత చేసినా అనుమానాస్పదమైనవి వస్తూనే ఉంటాయి. అలాంటి వాటికి హైదరాబాద్ కేంద్రంగా తెలుగులోనూ పనిచేసే ఫ్యాక్ట్‌లీ, జాతీయ స్థాయిలో ఆల్ట్ న్యూస్, బూమ్ వంటి నిజనిర్ధారణ సంస్థలను సంప్రదించవచ్చు. ప్రభుత్వ పథకం పేరుతో తిరిగే నకిలీ ప్రకటనలకు కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) నిజనిర్ధారణ విభాగం ఉపయోగపడుతుంది, కానీ అది ప్రభుత్వ విభాగం గనుక ప్రభుత్వంపై విమర్శ విషయంలో దాని మాటను ఒక పక్షం మాటగానే తీసుకోవాలి. ఆ విషయం కోర్టు దాకా వెళ్లింది కూడా: కేంద్రానికి సంబంధించిన సమాచారంలో ఏది తప్పుడుదో కేంద్రం నియమించిన విభాగమే తేల్చేందుకు వీలిచ్చిన నిబంధనను బొంబాయి హైకోర్టు 2024లో కొట్టివేసింది.

ఏ మాధ్యమాన్ని ఎంచుకున్నా ఒక పొరపాటు నుంచి తప్పించుకోవాలి. ఒకే వార్త పది చోట్ల కనిపిస్తే పదిమంది ధ్రువీకరించినట్టు భావిస్తాం. జాతీయ వార్తల్లో అధిక భాగం పీటీఐ, ఏఎన్ఐ, యూఎన్ఐ వంటి ఏజెన్సీల నుంచి వస్తుంది. 1949లో పని మొదలుపెట్టిన పీటీఐ పంపిన ఒక్క కాపీని వంద పత్రికలు వేసినా అది ఒకే ఒక్క విలేకరి మాట. వార్త మొదట్లోనో చివరనో ఏజెన్సీ పేరు వెతకడం అలవాటు చేసుకుంటే, నిజంగా ఎన్ని ఆధారాలు ఉన్నాయో తెలుస్తుంది.

కొన్ని సందర్భాల్లో మాధ్యమాన్నే దాటి మూలానికి వెళ్లడం తేలిక. పార్లమెంటు చర్చను 2021లో మొదలైన సంసద్ టీవీలో, 2022 సెప్టెంబరు నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలను ప్రత్యక్ష ప్రసారంలో, ఎన్నికల ఫలితాలను ఎన్నికల సంఘం సైట్‌లో, తుపాను హెచ్చరికను వాతావరణ శాఖ బులెటిన్‌లో నేరుగా చూడవచ్చు. పోటీ పరీక్షలకు చదివేవారికి నా సలహా ఒక ఇంగ్లీషు పత్రిక, పీఐబీ ప్రకటనలు, ఆకాశవాణి, అంతే. మాస పత్రికల 'కరెంట్ అఫైర్స్' వీటి నుంచి తయారైనదే. రైతుకు జిల్లా పేజీ, వాతావరణ శాఖ, ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమం చాలు. విదేశాల్లో ఉన్న తెలుగువారు ఊరి సంగతులకు ఛానళ్ల కంటే ఈ-పేపరు జిల్లా సంచికనే ఆశ్రయించడం మంచిది, ఎందుకంటే ఛానల్ వారికి చూపించేది ఎక్కువగా రాజధాని రాజకీయమే.

తప్పు వార్త మీ గురించే వచ్చినప్పుడు ఎంపికలోని తేడా పూర్తిగా బయటపడుతుంది. పత్రిక మీద ముందుగా సంపాదకుడికి రాసి, ఫలితం లేకపోతే ప్రెస్ కౌన్సిల్‌ను ఆశ్రయించాలి. దినపత్రికలకు, వారపత్రికలకు గడువు ప్రచురణ నుంచి రెండు నెలలు. కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు గానీ జరిమానా వేయలేదు, టీవీ దాని పరిధిలోనే లేదు. ఛానల్ మీద ఏడు రోజుల్లోగా ఆ ఛానల్‌కే రాయాలి. ఆ ఛానల్ వార్తా ఛానళ్ల సంఘమైన ఎన్‌బీడీఏలో సభ్యురాలైతే తర్వాత ఆ సంఘపు ప్రమాణాల సంస్థకు వెళ్లవచ్చు, సభ్యత్వం లేని ఛానళ్లకు ఆ దారి లేదు. వెబ్ వార్తలకు 2021 నాటి ఐటీ నిబంధనలు మూడంచెల ఏర్పాటు తెచ్చినా, అందుకు సంబంధించిన కొన్ని భాగాలపై అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు స్టే ఇచ్చింది. ఏ దారి పట్టినా తేదీతో పాటు ఎడిషన్ పేరు, పేజీ సంఖ్య రాసిపెట్టుకోవాలి. జిల్లా సంచికలో వచ్చిన వార్త పొరుగు జిల్లా సంచికలో ఉండకపోవచ్చు, వెబ్‌సైట్‌లోదైతే సాయంత్రానికే మారిపోయి ఉండవచ్చు కనుక అసలు ప్రతిని లేదా తెర చిత్రాన్ని ఆ రోజే భద్రపరచాలి.